పసుపు మరక ఎండకు ఆగుతుందా?

సంపాదకుడు గారికి,

ఆదివారం సంచికలో పసుపు సన్‌స్క్రీన్ మీద అరపేజీ వేశారు, పసుపులోని యాంటీ ఆక్సిడెంటే చర్మాన్ని ఎండ నుంచి కాపాడేస్తుందన్నట్టు. ఎవరైనా తప్పు దిద్దుతారేమోనని వారం చూశాను. ఎవరికీ పట్టలేదు.

పసుపుకు రంగునిచ్చే కర్కుమిన్ యాంటీ ఆక్సిడెంటే, అంటే కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్‌ను అణిచేదే, కాదనను. కానీ తెల్లచొక్కా మీద పప్పుచారు ఒలికితే మా ఆవిడ సబ్బు పెట్టి మిట్టమధ్యాహ్నం ఎండలో ఆరేస్తుంది. సాయంత్రానికి మరక మాయం. ఎండకు కర్కుమిన్ విరిగిపోతుంది మరి. చొక్కా మీద నిలవనిది మొహం మీద కాపలా కాస్తుందా? పైగా అది ఎక్కువగా పీల్చుకునేది కంటికి కనిపించే ఊదా, నీలి వెలుగును. చర్మాన్ని కమిలించే అతినీలలోహిత కిరణాలను, అంటే యూవీబీని (290–320 నానోమీటర్లు) కాదు.

కిరణాన్ని పీల్చుకోవడం, ఫ్రీ రాడికల్స్‌ను అణచడం – ఒకే అణువు ఈ రెండు పనులూ చేయలేదని అనడం లేదు. మన చర్మానికి రంగునిచ్చే మెలనిన్ చేసేది అదే. తవుడులోని ఒరైజనాల్ కూడా యూవీబీని పీల్చుకుంటుంది, ఫ్రీ రాడికల్స్‌నూ అణుస్తుంది. ఆ తవుడు మనం గేదెలకు పెడుతున్నాం. గేదెల నిగారింపు రహస్యం అదేనని వచ్చే ఆదివారం రాసినా రాస్తారు.

అసలు కిటుకు ఎండ నుంచి ఎంత రక్షణో చెబుతూ డబ్బా మీద వేసే ఎస్‌పీఎఫ్ అంకెలో ఉంది. మనుషుల వీపు మీద క్రీము పూసి, దీపంతో కృత్రిమ ఎండ కాచి, చర్మం ఎంతకి ఎర్రబడిందో చూసి ఆ అంకె వేస్తారు. కొన్ని యాంటీ ఆక్సిడెంట్లు ఆ ఎరుపునే తగ్గిస్తాయి. కిరణం లోపలికి దిగినా అంకె పెరుగుతుంది. జ్వరం తగ్గించమంటే థర్మామీటరును చన్నీళ్లలో ముంచినట్టు! చర్మంలో ఇంకా లోతుగా దిగే మరో రకం కిరణం యూవీఏ సంగతి ఆ అంకె పెద్దగా చెప్పనే చెప్పదు. అమెరికాలో సన్‌స్క్రీన్ మందు కింద లెక్క. మన దగ్గర పౌడరు, లిప్‌స్టిక్ సరసన సౌందర్య సాధనం. డబ్బా మీది రాతలు చదివే అధికారి ఎక్కడున్నాడో నాకైతే కనిపించలేదు.

డబ్బా మీద ఎస్‌పీఎఫ్ 50 అని ఉంటే, చదరపు సెంటీమీటరు చర్మానికి 2 మిల్లీగ్రాములు పూస్తేనే ఆ 50. మా మనవరాలు బఠాణీ గింజంత తీసి మొహానికి, మెడకు, రెండు చేతులకు సరిపెడుతుంది. ఆ ట్యూబు ధరకు అంతకంటే ఏం పూస్తుంది? ఆ పిల్ల బస్సు కోసం నిలబడే చోట వేపచెట్లు రోడ్డు వెడల్పుకని కొట్టేశారు. రేకుల షెడ్డుకని మూడుసార్లు టేపు పట్టుకొచ్చి కొలతలు తీసుకుపోయారు. కొలతలు భద్రంగానే ఉండి ఉంటాయి.

ఈసారి వేసేటప్పుడు యూవీఏ రక్షణ ఎంతో, పరీక్ష ఎక్కడ చేశారో కూడా వేయండి. అది ప్రకటనే అయితే పైన 'ప్రకటన' అని అచ్చేయండి.

– విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు, ఖమ్మం జిల్లా