ఒరిజినల్ టూల్ కిట్ పేరుతో నకిలీ పానాలు అమ్మినందుకు ఫిర్యాదు

నర్సాపురం,
పశ్చిమ గోదావరి జిల్లా.

ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

విషయం: ఎంజీ టీడీ అనే పాత బ్రిటిష్ కారు టూల్ కిట్ డబ్బు వాపసు గురించి

అయ్యా,

డిసెంబరులో మీ సైటులో "1951 ఎంజీ టీడీ ఒరిజినల్ ఫ్యాక్టరీ టూల్ కిట్" అన్న ప్రకటన చూసి 18,500 రూపాయలు కట్టాను. వచ్చిన పానాల్లో ఒక్కటంటే ఒక్కటి కూడా ఆ కారుది కాదు. ఫోన్ చేస్తే "పాత సామానుకి రిటర్న్ ఉండదండీ" అని పెట్టేశారు. నేను పాత సామానని కొనలేదు. ఒరిజినల్ అని మీరు రాశారు కాబట్టి కొన్నాను.

ఆ కారు మా నాన్నగారిది. దాని పానాల సంచి 1986 ఆగస్టు గోదావరి వరదల్లో లంకలో ఉన్న మా షెడ్డుతో పాటే పోయింది. నీళ్లు తీశాక నాన్నగారు వారం రోజులు బురదలో వెతికితే ఒక్క పానా దొరికింది. అది ఈ రోజుకీ పురికొసతో మేకుకి వేలాడుతోంది. మిగతావి ఒక్కొక్కటే కూడబెడుతూ వస్తున్నాను.

మీ పెట్టె వచ్చిన రోజే మా మేస్త్రి గారు 1/4 డబ్ల్యు అని చెక్కిన పానాని కార్బురేటర్ నట్టుకి వేశారు. ఒక్క తిప్పుకి నట్టు మూలలన్నీ అరిగిపోయాయి. అప్పుడు దాన్ని మా పాత పానా పక్కన పెట్టి చూశాను. మాదీ 1/4 డబ్ల్యు. డబ్ల్యు అంటే విట్‌వర్త్, పాత బ్రిటిష్ కొలత. విట్‌వర్త్ కొలతలో ఆ అంకె పానా నోటిది కాదు, బోల్టు కాడ మందానిది. నోరు 0.525 అంగుళాలకి, అంటే 13.3 మిల్లీమీటర్లకి సరిపోవాలి. మీ దానికి వెర్నియర్ పెడితే 14 చూపించింది. కిరసనాయిలు గుడ్డతో రుద్దాను. తుప్పు రంగంతా గుడ్డకి వచ్చేసింది. కింద గ్రైండర్ గీతలు, ఆ గీతల మధ్య సగం చెరిగిన "14". కొత్త మెట్రిక్ పానా మీద అంకె అరగదీసి, వేరే అంకె కొట్టి, పైన తుప్పు పట్టించారు.

తుప్పు సంగతి సముద్రపు గాలి తగిలే ఊళ్లో వాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. ఏళ్ల తుప్పు నల్లబడి, గుంటలు గుంటలుగా లోపలికి దిగుతుంది. చెయ్యి పడే చోట ఇనుము నున్నగా అరిగి ఉంటుంది. మీ పానాలు పిడి నుంచి నోటి సందు దాకా ఒకటే నారింజ రంగు. జాకీ, గ్రీజు గన్ ఫొటోలు కూడా జత చేశాను, మీరే చూడండి.

ఒక నట్టే కదా అనకండి. ఆ కారు ఎక్స్‌పీఏజీ ఇంజనుకి మరలు మెట్రిక్, నట్టు తలలు విట్‌వర్త్. దాన్ని తయారుచేసిన కోవెంట్రీ ఫ్యాక్టరీ బ్రిటిష్ కార్ల కంపెనీ మోరిస్ చేతికి రాకముందు ఫ్రెంచి కంపెనీ హాచ్‌కిస్‌ది. ఫ్రెంచివాళ్లు వాడేది మెట్రిక్, అందుకే ఆ జోడింపు. పాలకొల్లు, భీమవరం షాపులన్నీ తిరిగాం. మర కలిస్తే తల కలవదు, తల కలిస్తే మర కలవదు. సంక్రాంతికి రోడ్డెక్కాల్సిన బండి షెడ్డులోనే ఉండిపోయింది.

కొరియర్ ఖర్చుతో సహా నా డబ్బు మొత్తం వాపసు ఇవ్వండి. అదే ఫొటోతో ఆ ప్రకటన ఇంకా నడుస్తోంది, దాన్ని వెంటనే తీసేయండి. ఇప్పటికే కొన్నవాళ్లకి ఇవి నకిలీవని, ఇంజనుకి వెయ్యొద్దని కబురు చెయ్యండి. నాకు డబ్బు కన్నా ఇది ముఖ్యం. వాళ్లలో ఎంతమంది దగ్గర పోల్చి చూసుకోవడానికి అసలు పానా ఉంటుంది?

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. లేకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, మా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను.

పెట్టె తిరిగి కట్టి ఉంచాను. మీ మనిషి వస్తే అప్పగిస్తాను. "14" కనిపిస్తున్న ఆ పానా మాత్రం డబ్బు జమ అయ్యేదాకా నా దగ్గరే ఉంటుంది.

ఇట్లు,
మీ కొనుగోలుదారు