ఒకే రకం చెట్లు నాటి కాయల కోసం చూస్తున్నారు

సంపాదకుడికి,

పరపరాగ సంపర్కాన్ని, అంటే ఒక మొక్క పుప్పొడి మరో మొక్క పువ్వును చేరడాన్ని, ఆలోచనల మార్పిడితో పోలుస్తూ మీరు వేసిన వ్యాసం చదివి ఇన్ని రోజులు ఊరుకున్నాను. వృక్షశాస్త్రం తెలిసినవారెవరైనా రాస్తారనుకున్నాను, ఎవరూ రాయలేదు. పదిమందిని ఒకచోట కూర్చోబెడితే చాలు, తేనెటీగ వాలిన పువ్వులా ఆలోచనలు వాటంతటవే ఫలిస్తాయట! పువ్వు అంత తేలిగ్గా ఫలించదండీ.

ఆపిల్ తోటనే తీసుకోండి. ఒకే రకం చెట్లు వందలు నాటి, తేనెటీగలు రోజంతా తిరిగినా చాలా రకాల్లో కాయలు సరిగా నిలవవు. అంటుకట్టి పెంచిన ఆ చెట్లన్నీ జన్యుపరంగా ఒకే చెట్టు. పక్క చెట్టు పుప్పొడిని కూడా పువ్వు తనదిగానే గుర్తుపట్టి, పుప్పొడి నుంచి అండాశయం వైపు పెరిగే పరాగనాళాన్ని, అది దిగాల్సిన సన్నని కాడ (కీలం) మధ్యలోనే ఆపేస్తుంది. అందుకే అదే సమయంలో పూసే వేరే రకం చెట్లను మధ్యమధ్య నాటుతారు. అలాగని ఏ సంబంధమూ లేని జాతి పుప్పొడి పడినా లాభం లేదు. డార్విన్ ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి 1876లో ఇలాంటిదే చెప్పాడు. ఒకే మొక్క మీది రెండు పూలను కలిపితే ప్రయోజనం దాదాపు కనిపించలేదు. వేరే పరిస్థితుల్లో పెరిగిన మొక్క పుప్పొడి తెచ్చినప్పుడు సంతానం ఏపుగా పెరిగింది.

ఆత్మపరాగ సంపర్కమే, అంటే తన పుప్పొడితో తానే ఫలించడమే, ఒక లోపమన్నట్టు రాయడం కూడా తప్పు. వరి, గోధుమ ఎక్కువగా అలాగే పండుతాయి.

ఇక మన పరిశోధనా సంఘాలు చూడండి. ఒకే గురువు శిష్యులు, ఒకే శాఖవాళ్లు చేరి ఒకరి పత్రాన్ని ఒకరు మెచ్చుకుంటారు. దానికి బహుశాస్త్ర సదస్సని పేరు పెడతారు. ఎవరైనా నిజంగా రెండు శాస్త్రాలను కలిపి నిధులకు దరఖాస్తు పెడితే, ఇది మాది కాదంటూ రెండు శాఖలూ తిప్పిపంపుతాయి. ఆ కాగితాల చుట్టూ తిరిగి విసిగిపోయి ఎందరు పరిశోధన మానుకున్నారో ఏ అధికారికైనా పట్టిందా? 1953లో డీఎన్‌ఏ నిర్మాణం తేలడానికి భౌతికశాస్త్రం నుంచి వచ్చిన క్రిక్, జంతుశాస్త్రం చదివిన వాట్సన్, ఎక్స్‌రే చిత్రాల్లో ఆరితేరిన రసాయన శాస్త్రవేత్త ఫ్రాంక్లిన్, ఇందరి పని కావలసివచ్చింది. ఫ్రాంక్లిన్ బృందం తీసిన చిత్రాన్ని ఆమెకు తెలియకుండా వాట్సన్‌కు చూపించారు, దాన్ని మార్పిడి అనడానికి నాకు మనసొప్పదు.

దరఖాస్తులు పరిశీలించే ప్రతి సంఘంలో బయటి శాస్త్రం వాళ్లు ఇద్దరైనా ఉండాలని, వాళ్లకు ఓటు ఉండాలని మీ పత్రిక గట్టిగా అడగాలి. సైన్స్ వ్యాసాలను అచ్చుకు పంపేముందు ఆ శాస్త్రం చదివినవారికి చూపించండి. ఒకప్పుడు ఇంత అడగాల్సిన అవసరం ఉండేది కాదు.

— విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు