ముందు యూరిన్ కల్చర్, ఆ తర్వాతే యాంటీబయాటిక్

సంపాదకుడు గారికి,

కిడ్నీ జబ్బు అనగానే మనకు గుర్తొచ్చేవి ఉద్దానం, డయాలసిస్. వాటి గురించి రాయాల్సిందే. కానీ సకాలంలో సరైన మందు పడితే పూర్తిగా నయమయ్యే కిడ్నీ ఇన్ఫెక్షన్‌ని ఎవరూ పట్టించుకోవడం లేదు.

మా వైపు ఆడవాళ్లు మూత్రంలో మంట అంటే చాలు, "వేడి చేసిందిలే" అని సబ్జా నీళ్లు, బార్లీ ఇస్తారు. నీళ్లు తాగడం మంచిదే. అయితే వణుకుతో చలిజ్వరం, నడుముకు పైన ఒక పక్క నొప్పి, వాంతులు మొదలైతే ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పాకిందని అనుమానించాలి. గర్భిణులు, షుగర్ ఉన్నవాళ్లు, కిడ్నీలో రాళ్లున్నవాళ్లు ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

మా వదినకు ఇలాగే అయితే మందుల షాపులో డాక్టర్ చీటీ అడగలేదు. స్ట్రిప్పు కత్తెరతో కత్తిరించి సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ మాత్రలు నాలుగు చేతిలో పెట్టారు. ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోయింది. బిల్లు సంగతి సరేసరి. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టింది. పీహెచ్‌సీకి వెళ్తే యూరిన్ కల్చర్ (మూత్రంలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్ష) తమ దగ్గర తీసుకోరని, బయట చేయించుకోమని అన్నారు.

నాలుగు మాత్రలతో పోయే జబ్బు కాదిది. సాధారణంగా వారం నుంచి రెండు వారాల కోర్సు పడుతుంది. మూత్రాశయం ఇన్ఫెక్షన్‌కి బాగా పనిచేసే నైట్రోఫ్యురాంటోయిన్ అనే మందు కిడ్నీకి ఎక్కిన ఇన్ఫెక్షన్‌కి చాలదు. ఏ మందుకు లొంగుతుందో కల్చర్ చెబుతుంది. దానికి రెండు మూడు రోజులు పడుతుంది, అయినా అంతవరకు చికిత్స ఆపక్కర్లేదు. శాంపిల్ ఇచ్చి మందు మొదలుపెట్టి, రిపోర్టు వచ్చాక అవసరమైతే మార్చుకోవచ్చు. ముందే మాత్ర మింగితే మాత్రం కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు, రిపోర్టు చూసి అంతా బాగుందనుకుంటాం!

పీహెచ్‌సీలో తీసుకున్న మూత్రం శాంపిల్ ల్యాబుకు చేరేలోపు పాడైపోతుందని అనొచ్చు, అది త్వరగా పాడయ్యే మాట నిజమే. బోరిక్ యాసిడ్ వేసిన సీసాలో పడితే ఒక రోజు వరకు నిలుస్తుంది. తెలంగాణలో పీహెచ్‌సీల నుంచి రక్తం శాంపిల్స్ జిల్లా కేంద్రానికి ఎలాగూ వెళ్తున్నాయి. ఆ బండిలోనే ఈ సీసాలూ పంపొచ్చు కదా.

ఇక సెఫిక్సిమ్ షెడ్యూల్ హెచ్1 మందు. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న ఈ జాబితాలోని మందుల్ని చీటీ లేకుండా అమ్మకూడదు. డాక్టర్ పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చారో విడిగా రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. మా జిల్లాలో ఆ రిజిస్టర్లు ఎన్ని షాపుల్లో తెరిచి చూశారో ఔషధ నియంత్రణ అధికారులు ప్రజలకు చెప్పాలి.

— ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా