చెవుడు, తూలుడు కలిసొస్తే

అయ్యా,

రెండు చెవుల్లోనూ వినికిడి మెల్లగా తగ్గుతూ, నడకలో తూలుడు తోడైతే వయసు మీద పడిందని సరిపెట్టుకోకూడదు. మెదడు, వెన్నుపాము పైపొరపై ఇనుము పేరుకునే ‘సూపర్‌ఫీషియల్ సిడరోసిస్’ కావచ్చు. జబ్బు అరుదే. పైగా మామూలు ఎమ్మారైలో తప్పిపోవచ్చు. ఎమ్మారైలోనే ఇనుమును పట్టిచూపే ఎస్‌డబ్ల్యూఐ లేదా గ్రేడియంట్ ఎకో అనే ప్రత్యేక సీక్వెన్స్ తీస్తే చిన్నమెదడు, మెదడుకాండం అంచుల వెంట కాటుక దిద్దినట్టు నల్లగీత కనిపిస్తుంది. స్కాన్ రాసేటప్పుడే వైద్యులు ఆ మాట చేర్చాలి.

ఈ ఇనుము తిండి నుంచి వచ్చింది కాదు. తోటకూర, ఐరన్ మాత్రలు మానేస్తే ఒరిగేదేమీ లేదు. పాత ప్రమాదంలోనో ఆపరేషన్‌లోనో వెన్నుపాము చుట్టూ ఉండే డ్యూరా పొర చిరిగి, ఏళ్ల తరబడి, మెదడునూ తడిపే వెన్నుద్రవంలోకి రక్తం ఊరుతుంటుంది. కొందరిలో కణితి కారణం. ఎర్రకణాలు విరిగి, వాటి ఇనుము హీమోసిడరిన్ అనే పదార్థంగా మారి అంటుకుంటుంది. వినికిడిని మెదడుకు చేర్చే ఎనిమిదో నాడి ఆ ద్రవంలో చాలా దూరం సాగుతుంది గనుక మొదటి దెబ్బ తరచూ చెవికే.

అందుకే తలతో ఆపకుండా వెన్నెముక మొత్తం ఎమ్మారై, అవసరమైతే సీటీ మైలోగ్రామ్ (వెన్నుద్రవంలోకి మందు ఎక్కించి తీసే స్కాన్) చేసి చిరుగు వెతికి మూయాలి. ఒంట్లోని ఇనుమును బయటకు పంపేందుకు థలసీమియాకు వాడే డెఫెరిప్రోన్ మాత్ర మెదడులోకి చేరుతుంది గానీ రక్తస్రావాన్ని ఆపదు. ఈ జబ్బులో దాని ఫలితానికి గట్టి ఆధారాలు ఇంకా లేవు. తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు గనుక మొదట్లో వారం వారం రక్తపరీక్ష తప్పదు. జ్వరమో గొంతునొప్పో వస్తే మాత్ర ఆపి అదే రోజు కణాల లెక్క చూపించుకోవాలి.

– న్యూరాలజీ వైద్యులు, హైదరాబాద్