పోచంపల్లిలో గాజు పెంకు కింద

హైదరాబాద్,
ఫిబ్రవరి 2, రాత్రి

ఒరేయ్ బుజ్జీ,

ముందు తిట్టెయ్, పడతాను. నీ ఉత్తరం దసరాకి వచ్చింది, ఇప్పుడు సంక్రాంతి కూడా వెళ్ళిపోయింది. రెండుసార్లు మొదలుపెట్టాను, రెండుసార్లూ "ఇక్కడ అందరం క్షేమం" దగ్గరే ఆగిపోయింది. క్షేమమే. అమ్మ మోకాలు కాస్త నయం, మెట్లు ఎక్కుతోంది. చిన్నదానికి టెన్త్ పరీక్షల టెన్షన్, ఇంట్లో టీవీ బంద్. నాకు సెక్షన్ మారింది. అంతే. నీ పొలం సంగతి, మీ బావగారి ఆపరేషన్ సంగతి చివర్లో అడుగుతాను. పోయిన ఆదివారం జరిగింది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. ఇంట్లో చెప్పాను. మీ చెల్లెలు అంతా విని "ఒక్క మనిషి మొహమైనా తీయలేదా?" అంది. ఇక చెప్పుకోవడానికి నువ్వే మిగిలావు.

కవర్లో ఒక ప్రింటు పెట్టాను. దాన్ని ఇంకా చూడకు. చూసేశావు, నాకు తెలుసు. సరే, ఉత్తరం అయ్యాక మళ్ళీ చూడు.

హాస్టల్లో నీ మంచం పక్క గోడకి అంటించావే, పాల్ స్ట్రాండ్ తీసిన ఆ ఫోటో గుర్తుందా? 1916 నాటిది. అరుగు కమ్మీల నీడలు ఒక గుండ్రటి బల్ల మీద పడతాయి, అంతే. కానీ అందులో బల్ల బల్లలా ఉండదు, నీడ నీడలా ఉండదు. తెలుపూ నలుపూ పట్టీలు, ఒక వంపు. వార్డెన్ వచ్చి "ఎవరి ఎక్స్‌రే ఇది?" అన్నాడు చూడు, ఆ రోజు నువ్వు నవ్వలేదు, గంటసేపు నాకు దాని గురించి చెప్పావు. అప్పట్నించీ అలాంటిది ఒక్కటైనా తీయాలని నాకు. మెట్రో స్తంభాల నీడలు తీశాను, వంటింట్లో జల్లెడ తీశాను, నూనెలో నీటి చుక్కలు తీశాను. బాగానే వచ్చాయి. కానీ "ఓహో, జల్లెడ" అని తెలిసిపోయాక ఇక దాన్ని చూసేదేముంది? పెసరట్టుని చంద్రుడిలా కనపడేట్టు తీశావే, అది ఇప్పటికీ వాటన్నిటికంటే గొప్ప ఫోటో. నిజంగానే అంటున్నాను.

సరే, పోచంపల్లి. ఆఫీసులో ఒకాయన మేనత్తగారిది అక్కడే, మగ్గం ఇల్లు. ఇక్కడికి ఓ యాభై కిలోమీటర్లు. చీరలు కొనడానికి ఆయనా, కెమెరా పట్టుకుని నేనూ బయల్దేరాం. తొమ్మిదిన్నరకి ఇంట్లోకి అడుగుపెట్టేసరికి కరెంటు లేదు. ముందు గదిలో గుంట మగ్గం, వెనక గదిలో ఆసు మెషీన్, అది ఆగిపోయి ఉంది. ఆవిడకి అరవై దాటి ఉంటాయి. మెషీన్ ఆగిందని చేతులు కట్టుకుని కూర్చోలేదు. మూల నుంచి పాత చేతి ఆసు చట్టం లాగి మొదలుపెట్టేసింది.

ఆసు నువ్వు చూసి ఉండవు. ఒక చివర ఒకటే మేకు. అవతలి చివర అర్ధచంద్రంలా వరసగా మేకులు. దారాన్ని ఈ ఒంటి మేకు నుంచి అవతలి మేకుకి, మళ్ళీ ఇటు, మళ్ళీ పక్క మేకుకి, అలా పోస్తూ పోవాలి. పోసేకొద్దీ దారాలు విసనకర్రలా పరుచుకుంటాయి. తర్వాత ఆ గుత్తుల మీద డిజైన్ గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట బిగించి కట్టి, అద్దకం వేస్తారు. ఒక్క చీరకి చెయ్యి 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. తల్లి పడే ఈ బాధ చూడలేకే చింతకింది మల్లేశం 1999లో ఆసు మెషీన్ తయారుచేసి దానికి అమ్మ పేరు పెట్టాడు, లక్ష్మీ ఆసు అని. 2017లో పద్మశ్రీ వచ్చింది ఆయనకి. నేను ఇదంతా చదివే వెళ్ళాను. కానీ చదివినప్పుడు 9,000 అనేది ఒక అంకె. ఎదురుగా కూర్చుంటే ఆ భుజం కనపడుతుంది.

ఇప్పుడు వెలుగు సంగతి. గదికి ఒక్కటే చిన్న కిటికీ, మూసి ఉంది. పెంకుల మధ్య ఒక్క గాజు పెంకు. మా అమ్మమ్మగారి వంటింట్లో ఉండేది చూడు, అలాంటిది. దాంట్లోంచి ఎండ ఏటవాలుగా దిగి సరిగ్గా ఆసు మీద పడుతోంది, పీట వెడల్పున. తెల్లటి పట్టుదారం, ఇంకా రంగు వేయనిది. ఆ పీటంత మేరే దారాలు మండుతున్నట్టు మెరుస్తున్నాయి. దాని పక్కన అవే దారాలు, కానీ లేవు. చెయ్యి పెడితే తగులుతాయి, కంటికి లేవు. దారం వేరు, గీత వేరు అని నాకు అక్కడ తెలిసిందిరా. దారం ఆవిడ పోసింది. గీత మాత్రం ఎండ పడినంత సేపే. నువ్వు ఎప్పుడూ "వస్తువుని కాదురా, వెలుగుని తియ్యి" అంటావే, నేను తల ఊపేవాడిని కానీ...

సరే. ఎదురుగా నిలబడి చూస్తే అంతా చదునుగా ఉంది. రెండడుగులు పక్కకి జరిగితే ప్రతి దారం పక్కనా సన్నటి నీడ లేచింది, గీతలు రెట్టింపయ్యాయి. కెమెరాని దాని ఇష్టానికి వదిలేస్తే చీకటి గదిని వెలిగించాలని చూసి దారాలని సున్నం చేసేస్తుంది. అందుకని ఎక్స్‌పోజర్ రెండు స్టాపులు తగ్గించాను, అంటే నాలుగో వంతు వెలుగే లోపలికి. గోడ, చట్టం, ఆవిడ మోకాలు, అన్నీ నలుపులో మునిగిపోయి గీతలే మిగిలాయి. కెమెరాని ఆసుకి సరిగ్గా సమాంతరంగా పెట్టాను, ఏ దారమూ ఫోకస్ తప్పకుండా. ఎండ జరిగిపోతోంది, మహా అయితే ఇరవై నిమిషాలు. పదిహేను తీశాను. అందులో ఒకటి, బుజ్జీ, అది చూసి నా చేతులు చల్లబడ్డాయి. విసనకర్రలా విచ్చుకున్న తెల్ల గీతలు, ఎడమ నుంచి మూడో వంతు దగ్గర ఒక్క చోట ఒక్క సందు. ఒక గీత పోవలసిన చోట నలుపు. ఆ సందు లేకపోతే అది మంచి డిజైన్, అంతే. సందు వల్ల ఊపిరి వచ్చింది దానికి.

ఆవిడ తాగడానికి నీళ్ళు తెచ్చింది. "ఏం తీసినవ్ బిడ్డా, చూపియ్యి" అంది. తెర మీద పెద్దది చేసి ఇచ్చాను. ఇది ఏమిటో ఆవిడకి తెలియదు, చెప్పాలి అనుకుంటున్నాను. ఆవిడ కళ్ళు దగ్గరికి పెట్టి, వేలితో అద్దం మీద ఒక్కో గీత వెంటా పోయింది. నేనైతే ఆ ఫోటోని ఎప్పుడూ అలా చూడలేదు, మొత్తంగా చూశాను. ఆవిడ చదివింది. సందు దగ్గర వేలు ఆగింది.

"గీడ మేకు తప్పింది."

అంతే. గ్లాసు కింద పెట్టి లేచిపోయింది. ఒక్క మేకు తప్పితే అక్కడి నుంచి పువ్వు పక్కకి జరుగుతుందట. "నీతోటి ముచ్చట పెట్టుకుంట తప్పిన" అంది, కోపం లేదు మాటలో. పోసినదంతా వెనక్కి విప్పడం మొదలుపెట్టింది. ఎన్ని చుట్లో లెక్కపెట్టడానికి నాకు ధైర్యం చాలలేదు. నేను ఊపిరి అనుకున్న ఆ సందు ఆవిడ భుజానికి ఇంకో అరగంట పని. నా కళ్ళ ముందే దాన్ని మూసేసింది. ఎండ పీట కూడా అప్పటికి గోడ మీదికి పోయింది.

ఆ ఫోటో తుడిచేద్దామనుకున్నాను. ఆవిడే వద్దంది. "ఉంచు. లేకుంటే రంగేసినంక తెలుస్తుండె." అంటే అది ఉపయోగపడింది. నేను తీసిన ఏ ఫోటో అయినా ఇంతకుముందు ఎవరికైనా ఉపయోగపడిందా? పెళ్ళి ఫోటోలు తప్ప. ఆ మాట విన్నప్పుడు కలిగింది సంతోషమా, సిగ్గా, ఇంకా తేల్చుకోలేదు. నువ్వు ఉంటే బాగుండేది.

ఎండ పోయాక గదిలో పలచటి వెలుగే మిగిలింది. లెన్స్ కన్ను బాగా చిన్నది చేసి ఎఫ్ 16లో పెడితే అర సెకను కావాలి. అర సెకనులో ఆవిడ చెయ్యి అటు పోయి ఇటు వచ్చేస్తుంది. దారాలు కోసినట్టు స్పష్టంగా వచ్చాయి, చెయ్యి మాత్రం పొగ. చూపించాను. "నా చెయ్యేది?" అంది. ఉందమ్మా, ఇదిగో ఈ తెల్లటి మంచు లాంటిది మీ చెయ్యే అన్నాను. ఆవిడ కెమెరాని వదిలేసి తన చేతిని తిప్పి చూసుకుంది. దాని గురించి ఇంకేమీ రాయలేను.

ఆ తర్వాత తీసిందే నీకు పంపింది. నా 50 ఎం.ఎం. లెన్స్ 45 సెంటీమీటర్ల కంటే దగ్గరికి రానివ్వదు నీకు తెలుసుగా. కింద చాప మీద పడుకుని, ఒంటి మేకు వైపు నుంచి, లెన్స్ పూర్తిగా తెరిచి ఎఫ్ 1.8లో పెట్టాను. అంత దగ్గర్లో ఆ అపర్చర్‌కి ఫోకస్‌లో ఉండేది బియ్యపు గింజ పొడవంత. అదే ఎఫ్ 16 అయితే మూడు వేళ్ళ మందం వస్తుంది. మేకుకి చుట్టుకున్న ఒకే ఒక్క దారం మీద పెట్టాను ఆ గింజంత స్పష్టతని. అక్కడి నుంచి దారాలు దూరం పోతూ పోతూ గీతలు కావడం మానేశాయి. ముందు మెత్తబడ్డాయి, తర్వాత ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. అవతలి మేకుల దగ్గర దారం మలుపు తిరిగే చోట పట్టు మెరుస్తుంది చూడు, ఆ మెరుపులు గుండ్రటి చుక్కలై తేలాయి.

ఇది చూపించడానికి భయపడ్డాను. మళ్ళీ ఏ మేకు తప్పిందో అని. ఆవిడ వేలు పెట్టింది. గీత వెంట పోబోయింది. వేలు పోలేదు. పట్టుకోవడానికి గీత లేదు అక్కడ. కెమెరాని అడ్డంగా తిప్పింది, నిలువుగా తిప్పింది, తలకిందులు చేసింది. చాలాసేపు. నేను మాట్లాడలేదు.

"గిది ఆసు కాదు బిడ్డా. వాన."

పుట్టినప్పట్నించీ ఆసు చూస్తున్న మనిషి, బుజ్జీ! ఒక్క తప్పిన మేకుని తెర మీద పట్టేసిన కళ్ళు. మొదటి ఫోటో నాకు అబ్‌స్ట్రాక్ట్, వస్తువు కనపడని ఉత్త ఆకారం, ఆవిడకి కాదు, ఆవిడకి అది లెక్కల పుస్తకం. నాకు ఆసు తెలియదు కాబట్టి అందులో నాకు గీతలు కనపడ్డాయి, అంతే, అందులో నా గొప్ప ఏముంది? కానీ ఇది ఆవిడకి కూడా ఆసు కాకుండా పోయింది. మనం ఇన్నాళ్ళూ ఫోకస్ అంటే ఒకచోట పెట్టేది అనుకున్నాం, కాదురా, ఎక్కడ వదిలేస్తామో అది కూడా... సరిగ్గా చెప్పలేకపోతున్నాను. కలిసినప్పుడు చెబుతాను.

ఇంకొకటి, ఇది మర్చిపోతే నన్ను నేను క్షమించుకోలేను. నేను "అంతా మసకగా ఉంది కదమ్మా" అన్నాను. ఆవిడ లోపలికి వెళ్ళి ఒక చీర తెచ్చి కొంగు పరిచింది. పువ్వు అంచు చూపించింది. ఎర్రటి పువ్వు, దాని అంచు ఎక్కడా కత్తితో కోసినట్టు లేదు. చిన్న చిన్న పళ్ళలా, ఈకలా, తెలుపులోకి జారిపోతోంది. కట్టు కిందికి రంగు కొంచెం పాకుతుంది, నేసేటప్పుడు దారాలు వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతాయి, అందుకని. "అంచు సాఫ్‌గ ఉంటే అది ప్రింటు. తిరగేసి చూడు, ఎనక రంగు ఎలిసిపోయి ఉంటది. మాది రెండు దిక్కులా ఒక్కతీరే." ఇలా దారానికే కట్లు కట్టి రంగు వేసి నేసే ఇక్కత్ చీర మన ఇళ్ళలో ఎన్నిసార్లు చూశాం? ఆ మసక అంచే చేతిపని గుర్తు అని ఒక్కరైనా చెప్పారా మనకి? నేను లెన్స్ పెట్టి వెతుక్కుంటున్నది ఆవిడ ఇంట్లో బీరువాలో మడతపెట్టి ఉంది.

వచ్చేటప్పుడు ఆవిడ అడిగింది, "ఆ వాన ఫోటో ఒకటి పంపియ్యి" అని. తన ఫోటో అడగలేదు, చీరలది అడగలేదు. నిన్న రెండు ప్రింట్లు తీయించాను. మ్యాట్ పేపర్ మీదే, గ్లాసీ అయితే ఆ చుక్కల మీద ట్యూబులైటు పడి పాడవుతుంది. ఒకటి ఆవిడకి, ఒకటి నీకు. నా దగ్గర లేదు.

ఇప్పుడు అసలు సమస్య. ఆవిడకి ఫ్రేము కట్టించి ఇద్దామనుకున్నాను, కొక్కెం ఎటు పెట్టాలని షాపులో అడిగారు. నాకు జవాబు లేదు. స్టీగ్లిట్జ్ 1920ల్లో మబ్బుల్ని నేల గీత లేకుండా తీసిన ఫోటోలు నువ్వే చూపించావు నాకు, వాటికి పైన కింద ఏది అని మనం దెబ్బలాడుకున్నాం కూడా, ఆ మూడో మెట్టు మీద. అప్పుడు నేను "ఎటు పెట్టినా ఒకటే" అన్నాను. ఇప్పుడు ఒకటే కాదు. చుక్కలు పైనుంటే వాన మొదలవబోతున్నట్టుంది. కింద ఉంటే పడిపోయిన వాన. అడ్డంగా పెడితే గాలి. ఆవిడ మూడు వైపులా తిప్పింది కానీ "వాన" అన్నప్పుడు ఏ వైపు పట్టుకుందో నేను చూసుకోలేదు. ఆవిడ మొహమే చూస్తున్నాను.

చిన్నది లైటు ఆర్పమంటోంది, పొద్దున్నే ట్యూషన్. ఆదివారం మళ్ళీ పోచంపల్లి వెళ్తున్నాను, శనివారం సాయంత్రం లోపు షాపులో చెప్పాలి. ప్రింటు వెనక నేను ఏమీ రాయలేదు, బాణం కూడా పెట్టలేదు. కవరు విప్పగానే ఏ వైపు పైకి పెట్టి చూశావో అది ఫోన్ చేసి చెప్పు. ఆలోచించి కాదు, మొదట పట్టుకున్నది. మీ బావగారికి ఎలా ఉందో

లైటు ఆర్పేసింది.

నీ
చిన్నా