నల్లా లైన్‌మన్‌లకూ శిక్షణ అడుగుదాం

అన్నలూ, అక్కలూ, నిన్న మన వరంగల్ నల్లా నీళ్ల లీకేజీల గురించి మాట్లాడుకున్నాం కదా, ఒక మాట చెప్పాలనిపించింది. కంబోడియా రాజధాని నాంపెన్‌లో 1993లో 72 శాతం నీళ్లు లీకేజీలకో, దొంగ కనెక్షన్లకో పోయి పైసా బిల్లు వచ్చేది కాదు, 2010 నాటికి అది 6 శాతం దగ్గరికి దిగింది. డబ్బు ఒక్కటే చేసిన పని కాదది. 1999 నుంచి జపాన్‌లోని కితాక్యూషూ నగర నీటి విభాగం వాళ్లు వచ్చి, అక్కడి సిబ్బందితో కలిసి పనిచేస్తూ, ఊరిని బ్లాకులుగా విడగొట్టి ఏ బ్లాకుకు ఎంత నీరు పోతోందో చూడడం నేర్పారు. ఒక ఊరి నీటి విభాగం ఇంకో ఊరి విభాగానికి నేర్పే ఇలాంటి జోడీలు కలపడానికే, ఐక్యరాజ్యసమితిలో నగరాల పని చూసే హాబిటాట్ సంస్థ 2009లో గ్వోపా అనే వేదిక పెట్టింది. ధర్మసాగర్ రిజర్వాయర్ నుంచి ఇంత దూరం వచ్చిన నీళ్లు గల్లీ వాల్వ్ దగ్గర కారిపోతుంటే చూడలేకపోతున్న. ఆదివారం మీటింగ్‌లో వరంగల్‌కూ ఇలాంటి జోడీ కావాలని అడుగుదాం, శిక్షణ ఆఫీసర్ల దగ్గరే ఆగకుండా వాల్వ్ తిప్పే లైన్‌మన్‌లదాకా రావాలి. వీలైనవాళ్లు తప్పకుండా రండి.