అక్షరాలు చదివితే చూపు ఉన్నట్టేనా?

సంపాదకుడు గారికి,

నమస్కారం. మా అనంతపురంలో కంటి శిబిరాలకు కొదవ లేదు. 2019 అక్టోబరు 10న రాష్ట్ర ప్రభుత్వం కంటి వెలుగు పథకాన్ని మొదలుపెట్టింది కూడా ఈ ఊళ్లోనే. బడి పిల్లలకు కళ్లజోళ్లు, పెద్దవాళ్లకు శుక్లాల ఆపరేషన్లు మంచి పనులే, వాటిని తప్పుపట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నా ఫిర్యాదు గోడకు తగిలించే ఆ అక్షరాల చార్టు మీద. శిబిరంలో అదే, లైసెన్సుకు అదే, ఆసుపత్రిలో అదే. మెదడు దెబ్బతిని సగం చూపు పోగొట్టుకున్న మనిషి ఆ చార్టు చివరి వరుస దాకా తడుముకోకుండా చదివేయగలడు. అలా చదివినందుకు, చూపు బాగుందని రాసిచ్చి పంపేస్తారు.

పక్షవాతం వచ్చినవాళ్లకూ, బండి మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలినవాళ్లకూ ఇళ్లకు వెళ్లి వ్యాయామాలు చేయించడం నా వృత్తి. చేయి లేస్తోందా, కాలు ఆనుతోందా అని అందరూ అడుగుతారు. చూపు సంగతి ఎవరూ అడగరు.

కన్ను చేసేది వెలుగును పట్టుకుని లోపలికి పంపడం మాత్రమే. చూడటమనే పని తల వెనక భాగంలో, మెదడులో జరుగుతుంది. రెండు కళ్ల నుంచి బయలుదేరిన నరాలు మెదడు అడుగున ఒకచోట కలుస్తాయి. అక్కడ ఒక్కొక్క నరంలో దాదాపు సగం పోగులు అవతలి వైపుకు దాటుకుంటాయి. దాని వల్ల మన ఎదుట ఉన్న దృశ్యంలో ఎడమ సగమంతా, అది ఏ కంటికి కనిపించినా సరే, కుడి మెదడుకు చేరుతుంది. కుడి సగం ఎడమ మెదడుకు. కాబట్టి కుడి మెదడు వెనక భాగానికి రక్తం ఆగిపోతే రెండు కళ్లకూ ఎడమ పక్క పోతుంది. దీన్ని వైద్యులు హెమియానోపియా అంటారు. రోగి మాత్రం ‘ఎడమ కన్ను మసకేసింది’ అంటాడు. ఒక్కొక్క కన్నూ మూసి చూడమంటే ఏ కంటితో చూసినా ఎడమ పక్కే లేదని అప్పుడు బయటపడుతుంది. కంట్లో లోపం లేదు కాబట్టి కళ్లజోడు మార్చినా ఒరిగేదేమీ ఉండదు. ఒక అక్షరాన్ని గుర్తుపట్టడానికి చూపు నట్టనడుమ ఉండే చిన్న భాగం చాలు. అందులోనూ సగం మిగిలితే చాలు. అందుకే చార్టు వీళ్లను పట్టుకోలేదు.

పోయిన సగం నల్లగా కనిపిస్తుందని చాలామంది అనుకుంటారు. ఇది చదువుతున్న మీకు మీ తల వెనక ఉన్న గోడ నల్లగా కనిపిస్తోందా? అది అసలు మీ చూపులోనే లేదు. వీళ్లకు ఎడమ పక్క కూడా అంతే. లేనిది లేదని తెలియకపోవడమే దీనిలోని ప్రమాదం.

ఒక ఇంట్లో చూసింది చెబుతాను. పళ్లెంలో సంగటి, పప్పు, ఎడమ అంచున ఊరిబిండి, కాస్త వంకాయ కూర. ఆయన కుడి పక్క ఉన్నదంతా తిని, సంగటి ముద్దను సరిగ్గా సగానికి కోసినట్టు వదిలేసి, చేయి కడుక్కోబోయారు. ‘ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచి ఈయనకు నా వంట రుచించడం లేదు సార్’ అని ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. పళ్లేన్ని అర చుట్టు తిప్పాను. ‘ఇంకా పెట్టారే!’ అని ఆయన మళ్లీ మొదలుపెట్టారు. తర్వాత కాగితం మీద గడియారం బొమ్మ వేయమంటే గుండ్రంగానే వేశారు, కానీ పన్నెండు అంకెలనూ కుడి సగంలోనే కుక్కారు. ఆయనకు చూపు లోపంతో పాటు ఆ పక్క మీద ధ్యాస కూడా పోయింది. ఇవి రెండూ వేర్వేరు. చూపు మాత్రమే పోయినవాడికి చెబితే తల తిప్పి వెతుక్కుంటాడు. ధ్యాస కూడా పోయినవాడికి వెతకాలన్న ఆలోచనే రాదు. ఎక్కువగా కుడి మెదడు దెబ్బతిన్నవాళ్లలో ఇది చూస్తాం. ఇంట్లోవాళ్లు దీన్ని మొండితనమనీ, మతిమరుపనీ అనుకుని విసుక్కుంటారు.

ఆయన డిశ్చార్జి కాగితం తిప్పి తిప్పి చూశాను. బీపీ, చక్కెర, మాత్రలు, చేతి బలం, కాలి బలం అన్నీ ఉన్నాయి. చూపు గురించి ఒక్క ముక్క లేదు. చేయి కుదుటపడగానే ఆయన స్కూటరు తాళం అడుగుతున్నారని, ఇవ్వవచ్చా అని కొడుకు నన్ను అడిగాడు. వద్దని ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేదట!

టవర్ క్లాక్ దగ్గర రోడ్డు దాటడం గురించి ఆలోచించండి. మన దేశంలో వాహనాలు ఎడమ పక్క నడుస్తాయి కాబట్టి, దాటేవాడికి మొదటి సగం రోడ్డులో వాహనాలు కుడి నుంచి వస్తాయి, నడిమి గీత దాటాక ఎడమ నుంచి. ఎడమ చూపు లేని మనిషి మొదటి సగం నిక్షేపంగా దాటి, ధైర్యం వచ్చాక రెండో సగంలో ఆటో కింద పడతాడు. అదే మనిషి బండి నడిపితే రోడ్డు అంచున నడిచే మనుషులూ, పశువులూ, ఎడమ నుంచి దూసుకొచ్చే ఆటోలూ ఆయన లెక్కలోకే రావు. జాతీయ రహదారి 44 పక్కన బతికే జిల్లావాళ్లం, ఇది చిన్న సంగతి కాదు.

మరి లైసెన్సు ఇచ్చేటప్పుడు చూసేదేమిటి? కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం డాక్టరు సంతకం చేసే ఫారం 1ఏలో 25 మీటర్ల దూరంలోని నంబరు ప్లేటును గుర్తించగలడా, రంగులు గుర్తుపట్టగలడా అనే ప్రశ్నలున్నాయి. రేచీకటి గురించీ ఉంది. పక్క చూపు గురించి లేదు. బ్రిటన్‌లోనూ నంబరు ప్లేటు చదవమంటారు, 20 మీటర్ల నుంచి. దానితో పాటు అడ్డంగా కనీసం 120 డిగ్రీల మేర చూపు ఉండాలని నియమం పెట్టుకున్నారు. మన రోడ్ల మీద పక్క నుంచి వచ్చేవి అక్కడికంటే తక్కువేమీ కాదు కదా.

పింఛను దగ్గర కథ ఇంకోలా ఉంటుంది. 40 శాతం వైకల్యం ఉన్నట్టు సదరం సర్టిఫికెట్ వస్తేనే నెలకు 6,000 రూపాయలు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అక్షరాలతో పాటు చూపు పరిధిని కూడా డిగ్రీల్లో లెక్కించమంటోంది. కానీ పరిధిని కొలిచే యంత్రం ముందు మనిషిని కూర్చోబెడితే కదా ఆ లెక్క తేలేది! చార్టు చదివేశాడు, ఎవరి సాయమూ లేకుండా నడిచి వచ్చాడు, కాబట్టి నటిస్తున్నాడని అనడం నేను చెవులారా విన్నాను. దొంగ సర్టిఫికెట్లు ఏరివేయవలసిందే, అందులో నాకు రెండో మాట లేదు. అయితే 1904-05లో రష్యాతో యుద్ధం తర్వాత జపాన్ ప్రభుత్వం తల వెనక తూటా తగిలిన సైనికులకు పింఛను ఎంత ఇవ్వాలో తేల్చడానికి, ఎవరికి ఎంత మేర చూపు పోయిందో కొలిపించింది. ఆ పని చేసిన కంటి వైద్యుడు తత్సుజీ ఇనోయే. మెదడులో ఏ చోటు దెబ్బతింటే దృశ్యంలో ఏ ముక్క పోతుందో ఆ కొలతల నుంచే ఆయన పటం గీసి 1909లో ప్రచురించాడు. వందేళ్ల కిందట సైనికుడికి చేసిన కొలతను ఈనాడు మన కూలీకి, రైతుకు చేయలేమా?

కదిలే వాటిని, ముఖాలను గుర్తించడానికి కూడా మెదడులో వేర్వేరు చోట్లున్నాయి. కప్పులో పోస్తున్న టీ గడ్డకట్టినట్టు నిలబడిపోయి కనిపించే ఒక స్త్రీ గురించి 1983లో జర్మనీ పరిశోధకులు రాశారు. దూరంగా ఉన్న కారు ఆమెకు ఉన్నట్టుండి పక్కనే ప్రత్యక్షమయ్యేది. అటువంటివి బహు అరుదు, వాటిని కనిపెట్టమని నేను అడగడం లేదు. సగం చూపు పోవడం మాత్రం పక్షవాతం కేసుల్లో తరచూ ఎదురయ్యేదే.

ఇంకో మాట. చూపు హఠాత్తుగా ఒక పక్క పోవడం కూడా పక్షవాతం లక్షణమే. మూతి వంకర పోవడం, చేయి పడిపోవడం, మాట తడబడటం గురించి ఆసుపత్రి గోడల మీద బొమ్మలున్నాయి. చూపు బొమ్మ మాత్రం చాలాచోట్ల లేదు. దాంతో జనం కళ్లజోళ్ల దుకాణానికి వెళతారు, లేదా రేపు చూద్దాంలే అని పడుకుంటారు. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా 4.5 గంటల లోపే ఇవ్వాలి.

నేను కోరేదానికి డబ్బు ఖర్చు లేదు. డాక్టరు గానీ నర్సు గానీ రోగికి ఎదురుగా చేయి దూరంలో కూర్చుని, ఒక కన్ను మూయించి, తన ముక్కు వైపే చూడమని, నాలుగు మూలలా వేళ్లు ఆడించి ‘కనిపిస్తోందా’ అని అడగాలి. తర్వాత రెండో కంటికి. రెండు నిమిషాల పని. చిన్న లోపాలు దీనికి అందకపోవచ్చు, కానీ సగం చూపు పోతే చాలావరకు ఇక్కడే దొరుకుతుంది. అనుమానం వస్తే పరిధి కొలిచే యంత్రం దగ్గరికి పంపవచ్చు. మొదటి కొన్ని నెలల్లో కొందరికి కొంత చూపు తిరిగి వస్తుంది. రానివాళ్లకు లేని వైపుకు కళ్లు పదేపదే తిప్పడం నేర్పవచ్చు. ఎడమ చూపు పోయినవాళ్లకు పేపరు ఎడమ అంచున ఎర్ర గీత గీసి, అది కనిపించేదాకా వెనక్కి వెళ్లి కొత్త వరుస మొదలుపెట్టమంటాం. అలాగే మీ పత్రిక చదువుతున్నవాళ్లు నాకు తెలుసు.

ఫారం 1ఏ మార్చడం ఢిల్లీ చేతుల్లో ఉంది, దానికి సమయం పడుతుంది. పక్షవాతం, తలగాయం రోగుల డిశ్చార్జి కాగితంలో ‘పక్క చూపు’ అని ఒక గడి చేర్చడానికి ఢిల్లీ అక్కర్లేదు. అనంతపురం, కర్నూలు, కడప ప్రభుత్వ ఆసుపత్రుల పెద్దలూ, సదరం శిబిరాలు నడిపే అధికారులూ దీని మీద ఏమంటారో మీ విలేకరులు అడిగి రాస్తే బాగుంటుంది.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు,
అనంతపురం